నాలుగంటే మూడు

"...నేనన్నది నాలుగయ్యా, నాలుగు! ఇది మూడు!"

"తెలుసండీ. మిగిలింది ఇరవై రెండు మెట్లే. మెల్లిగా ఎక్కండి."

"మెట్లెక్కడానికైతే ఈ లిఫ్టెందుకు, నువ్వెందుకు?"

"ముప్పావు వంతు తెచ్చాను కదండీ. అంతా నేనే మోస్తే మీ కాళ్ళు దేనికి?"

మొదటి గొంతు మా అధికారిది. రెండోది లిఫ్టు నడిపే ఆయనది. సర్వే పటాలు గీసే మా కార్యాలయం నాలుగో అంతస్తులో ఉంది. అక్కడికి ఎవరు వెళ్ళాలన్నా ఆయన మూడులో ఆపి జాలీ తలుపు తీసేవాడు. కిందికి రావాలన్నా అంతే, మూడుదాకా నడిచి వస్తేనే ఎక్కించుకునేవాడు. చేత్తో తిప్పే పిడి ఉన్న పాతకాలపు లిఫ్టు అది. పిడి ఆయన చేతిలో ఉంది, మేం ఆయన చేతిలో ఉన్నాం. ఆయనకు ముప్పావు అని పేరు పెట్టాం.

మనిషి చీపురుపుల్ల. మోసేదంతా ఎదుటివాళ్ళ బరువు. లిఫ్టు మూడు చేరేలోగా ఒక సలహా ఇచ్చేవాడు. "టీలో రెండు చెంచాల చక్కెరా? ఈ వారం ఒకటిన్నర వేసుకోండి. ఒక్కసారే మానేస్తే నాలుక పగబడుతుంది." "ఫోనొస్తే కూర్చోకండి, నడుస్తూ మాట్లాడండి." "పళ్ళెం మార్చండి. చిన్న పళ్ళెంలో కొంచెం పెట్టుకున్నా నిండుగా కనిపిస్తుంది." ఇంకొకటి చెప్పమంటే చెప్పేవాడు కాదు. "ముందు ఇది వారంపాటు చేసి రండి."

సలహాలు ఏళ్ళ తరబడి ఉన్నవే. మూడులో ఆపడం మాత్రం ఆ వేసవిలోనే మొదలైంది.

నేనొకసారి మోకాలి నొప్పి అన్నాను. మారుమాట లేకుండా నాలుగుకి తీసుకెళ్ళాడు. మర్నాడు నన్ను చూడగానే, "మోకాలెలా ఉంది బాబూ?" అన్నాడు. కుంటక తప్పింది కాదు. అలా పది రోజులు కుంటాను. పదకొండో రోజు జాలీ మూస్తూ, "నిన్నటిదాకా కుడికాలు కదూ?" అన్నాడు. ఆ రోజు అడక్కుండానే మూడులో దిగిపోయాను.

ఆ ఇరవై రెండు మెట్ల మీద మా కార్యాలయం మొత్తం కనిపించేది. పైట నడుముకి దోపుకునేవాళ్ళు కొందరు, కళ్ళజోడు తుడుచుకునే నెపంతో ఆగేవాళ్ళు కొందరు. దస్తావేజుల గది చూసే అక్క మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి నిలబడేది. భారీ మనిషి. మేమంతా ఆయాసపడుతూ ముప్పావుని తిట్టుకునేవాళ్ళం. అక్క తిట్టేది కాదు. అది ఆమె మంచితనం అనుకున్నాను.

అయిదో నెల్లో అధికారి ఓపిక అయిపోయింది. ముప్పావుని గదిలోకి పిలిపించి, చెప్పింది రాసుకోమని నన్ను పక్కన కూర్చోబెట్టాడు. తలుపు బయట కార్యాలయమంతా గుమిగూడింది.

"ఎందుకు ఆపుతున్నావు?"

"నాలుగో అంతస్తంటే లిఫ్టు వణుకుతోందండీ."

"మెకానిక్కు చూశాడు. దానికి వణుకూ లేదు, జ్వరమూ లేదు. నిజం చెబుతావా, రేపటి నుంచి పనిలోకి రావడం మానేస్తావా?"

ముప్పావు పిడి తిప్పే చేతిని జేబులో పెట్టుకున్నాడు. "మానేస్తానండీ."

నా కలం ఆగిపోయింది. అధికారి కూడా ఆ జవాబుకి సిద్ధంగా లేడు.

"నావల్లే సార్," అంది అక్క తలుపు దగ్గర్నుంచి.

"నువ్వూరుకో అమ్మాయ్!"

"ఇంకెందుకు బాబాయ్ ఊరుకోవడం? నిన్న ఆస్పత్రివాళ్ళు సరేనన్నారు."

అక్క తమ్ముడికి రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. ఒకటి తనిస్తానంది అక్క. తొమ్మిది కిలోలు తగ్గితే తప్ప నిన్ను కోయలేం అన్నారు డాక్టర్లు. ఆ రోజు లిఫ్టులో ముప్పావు ముందు ఏడ్చేసింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. తెలిస్తే అందరూ తన పళ్ళెంలోకే చూస్తారు. తగ్గలేకపోతే అందరూ ఓదారుస్తారు.

"మెట్లెక్కమన్నాడు సార్. నేనొక్కదాన్నే మధ్యలో దిగి ఎక్కుతుంటే నవ్వుతారు బాబాయ్ అన్నాను. 'అయితే అందర్నీ దింపేస్తాలే' అన్నాడు."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా కార్యాలయంలో అయితే పెదవి దాటక్కర్లేదు, కదిలితే చాలు. అలాంటి చోట అయిదు నెలలు అందరి తిట్లూ తింటూ ఈ మనిషి నోరు కట్టుకున్నాడు.

"ఎంత తగ్గావమ్మా?" అన్నాడు అధికారి.

"తొమ్మిదిన్నర సార్. మెట్లతోనే కాదు. చక్కెర, చిన్న పళ్ళెం, ఎనిమిదికల్లా భోజనం... బాబాయ్ చెప్పినవన్నీ వారానికొకటి పట్టుకున్నాను."

అధికారి గొంతు సవరించుకున్నాడు. "నేనూ రెండు తగ్గాను," అన్నాడు నేరం ఒప్పుకుంటున్నవాడిలా. నా ముందున్న కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"సరే, అనుకున్న పని అయింది కదా. రేపటి నుంచి నాలుగుదాకా తీసుకెళ్ళు."

ముప్పావు పిడి తిప్పే చేతిని జేబులోంచి బయటికి తీశాడు.

"అమ్మాయి ఆపరేషనై తిరిగొచ్చాక తనని సరాసరి నాలుగులో దింపుతానండీ," అన్నాడు. "మీరంతా మూడే."