సగం పొలం

నా చిన్నప్పుడు, మా ఊళ్ళోకి తొలి ట్రాక్టరు వచ్చిన ఏట, మా అవ్వకు జరిగిన అవమానం గుర్తొస్తే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

మాది పళని దారిలో నల్లరేగడి నేల. అరవ నెల ఐప్పసిలో పడే వానలు వెలిసి కార్తీకం వచ్చేసరికి మళ్ళీ దున్ని శనగలు విత్తేవాళ్ళం. తాతయ్య పోయాక ఆ ఆరెకరాల సేద్యం నడిపింది అవ్వే. దుక్కికి ముందు పొలం మధ్యకు వెళ్ళి, జానెడు లోతు తవ్వి మట్టి తీసి, గుప్పిట్లో ఉండ చేసి, నడుమెత్తు నుంచి కింద పడేసేది. ఉండ పగిలి చెదిరితే నాగలి కట్టమనేది. ముద్దగా అతుక్కుపోతే ఎవరు చెప్పినా ఎద్దుల్ని పొలంలోకి దిగనిచ్చేది కాదు.

ఆ ఏడు మా చిన్నాయన ట్రాక్టరు బాడుగకు మాట్లాడుకొచ్చాడు. ఇంకో వాన పడేలోగా పని ముగించాలని ఆయన తొందర. అవ్వ ఉండ పడేసి చూసింది. అది నేలకు అతుక్కుపోయింది.

"అడుగున ఇంకా ఈరం ఉండాది రా, తడారలేదు. ఎనిమిది దినాలు పోనీ. ఇప్పుడు దున్నితే గడ్డలన్నీ రాళ్ళయిపోతాయి," అంది.

చిన్నాయన గట్టు మీద చేరిన మగవాళ్ళ వైపు చూసి నవ్వాడు. "మట్టితో ఆడుకునే కాలం పోయిందమ్మా. ఇంటికి పోయి సంగటి కెలుకు, పో!"

అందరూ నవ్వారు. ఆమె చేతి సంగటి తిన్నవాళ్ళే నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

అవ్వ గొంతు పెంచలేదు. ట్రాక్టరు సగం పొలం దున్నేదాకా ఊరుకుంది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిపొలంలోకి వెళ్ళి దానికి ఎదురుగా కూర్చుంది.

"ఆ సగం నీది, ఈ సగం నాది. రావాలంటే నా మీద ఎక్కించి రా," అంది కొడుకుతో. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఎనిమిది రోజుల తర్వాత ఆమె సగాన్ని ఎద్దులతో దున్నించింది. మట్టి పిండిలా విరిగింది. చిన్నాయన సగంలో తలకాయలంత గడ్డలు ఎండిపోయి, కొయ్య సుత్తులతో కొట్టినా చితకలేదు. అక్కడ శనగ చెదురుమదురుగా మొలిచింది. అవ్వ వైపు ఒక్క చాలూ తప్పకుండా మొలిచింది. దారిన పోయేవాళ్ళంతా చూశారు.

మరుసటేడు వ్యవసాయ ఆఫీసరు ఒకాయన వచ్చి ఊరివాళ్ళను కూర్చోబెట్టి, తడి నేల దున్నకూడదన్నాడు. పైమట్టి తీసి ఉండ చేసి, పడేసి చూపించాడు. నిరుడు నవ్విన మగవాళ్ళంతా తలలూపారు. "సార్ సరిగ్గా సెప్పినారు," అన్నాడు చిన్నాయన, అందరికంటే గట్టిగా!

నేను ఆగలేకపోయాను. ఆడవాళ్ళ వరసలోంచి లేచి అరిచాను. "ఇది మా అవ్వ నిరుడే సెప్పింది! మీరంతా నవ్వినారు!"

"ఏయ్ పాపా, కూర్చో," అని ఎవరో కసిరారు. ఆఫీసరు మాత్రం ఎవరా అవ్వ అని అడిగాడు. ఆమె మెల్లగా లేచింది.

"పైమట్టి తీస్తే మోసపోతారు సార్. పైన ఎండినట్టే ఉంటాది. జానెడు లోతులో తీసి చూడాల," అంది.

ఆయన ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నాడు. మగవాళ్ళెవరూ తలలూపలేదు.

ఇంటికి వస్తూ నేనింకా ఉడుకుతూనే ఉన్నాను. అవ్వ నా జుట్టు సర్దుతూ అంది: "కోపం రానీ, తప్పు లేదు. వట్టి కోపమైతే నవ్వి పోతారు పాపా. సూపించేదానికి సగం పొలమైనా మిగిలించుకోవాల."

ఆ తర్వాత నా మాట కొట్టిపారేసిన చోటల్లా నేను నా సగాన్ని వదులుకోలేదు. కానీ మా ఊళ్ళో ఈనాటికీ ఆ ఉండ పరీక్షను ఆఫీసరు చెప్పిన పద్ధతి అనే అంటారు. అన్నప్పుడల్లా, పెళ్ళి పందిరి అయినా సరే, పంక్తి మధ్యలోంచి లేచి దిద్దుతాను. అది మా అవ్వది.