రిజిస్టరులో దొరకని పిల్లలు

డాక్టర్ సీతారావమ్మకు మోకాళ్లు తట్టే అలవాటు 1974 మే నెలలో, భద్రాచలం బస్టాండులో మొదలైంది. ఇంతటి ఘట్టానికి అక్కడ శిలాఫలకం వేయించకపోవడం జిల్లా చరిత్రకే తీరని లోటు. బెంచీ మీద కాళ్లాడిస్తున్న ఎవరి పిల్లో కనిపించగానే ఆవిడ సంచిలోంచి రబ్బరు సుత్తి తీసి, మోకాలిచిప్ప కింద టక్కున కొట్టింది. కాలు ఎగిరింది. తల్లి గయ్యిమంది. ఆ తర్వాత పద్నాలుగేళ్లపాటు పెళ్లిపందిళ్లలో, పాల్వంచ బస్సుల్లో, తహసీల్దారుగారి మనవడి పుట్టినరోజున కూడా ఆ సుత్తి తన ధర్మం తాను నిర్వర్తించింది.

ఆవిడది మధిర పక్క పల్లె. అడవి గూడేల్లో మలేరియా జ్వరం మెదడుకెక్కి ఫిట్సు వచ్చిన పిల్లలు తర్వాత ఏమవుతారన్నది ఆవిడ పరిశోధన. రెండు వందల పన్నెండు మంది పేర్లు రిజిస్టరులోకి ఎక్కించి, అందరి మోకాళ్లూ తట్టి చూసి ఫిట్సు మాత్రలు ఇచ్చింది. ఏటా వేసవిలో గూడెం గూడెం తిరిగి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేది. కాలు ఈడ్చేవాళ్లను, మాట పడిపోయినవాళ్లను తల్లులు ఎత్తుకొచ్చేవారు. మిగతా పేర్లకు "లేదు" అనే జవాబు వచ్చేది. ఆ పేర్ల ఎదుట ఎర్ర పెన్సిలుతో "మరణం" అని రాసేది. మొదటి ఏడాది ఒక్కో పేరు దగ్గరా ఏడుస్తూ రాసింది. పదో ఏటికి ఒక చేత్తో రాస్తూ ఇంకో చేత్తో మరమరాలు తినగలిగింది. ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో ఆవిడకే గుర్తులేదు.

1988 జనవరిలో తుది నివేదిక రాసి, కవరుకు లక్క ముద్ర వేసి హైదరాబాదులోని వైద్యశాఖ ఆఫీసుకు పంపింది. మాత్రలు వాడినా ఒక్కరూ బాగుపడలేదు, ఇక గూడేలకు మాత్రలు పంపడం అనవసరం అని అందులో తేల్చింది. హైదరాబాదు ఆఫీసువాళ్లు ఒప్పుకుంటే మార్చితో మాత్రలు ఆగిపోతాయి.

నెల తిరక్కుండా, ఆస్పత్రి ఆయా ఆదెమ్మతో కలిసి సంతకు వెళ్లింది. గూడేల్లో ఆవిడకు దారి, భాష అన్నీ ఆదెమ్మే. చింతపండు బస్తా మీద పన్నెండేళ్ల పిల్ల ఒకతె కూర్చుని ఉంది. సుత్తి ఊరుకోలేదు. ఎడమకాలు రెండుసార్లు ఎగిరి, బొటనవేలు లోపలికి తిరిగింది. డాక్టరమ్మ మొహాలు మరిచిపోతుంది గానీ మోకాళ్లను మరిచిపోదు. అది ఏడేళ్ల కిందట "మరణం" అని తాను రాసిన మోకాలు.

"నువ్వు జంపక్కవు కదూ?"

ఎవరిని పిలుస్తున్నారో అని ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. ఆదెమ్మ ఒక్క ఉదుటున వచ్చి డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"గా పేరు వలకకు తల్లీ! దీని పేరిప్పుడు ముత్తమ్మ."

"పేరు మార్చారా? ఎందుకు?"

"జరం తగ్గినంక పాత పేరుంచితె, రోగం మళ్ల పేరు వెట్టి పిల్వదా?"

"మరి నేనడిగితే లేదన్నారేం?"

"గా పేరుగల్ల పిల్ల లేదు గద. అబద్ధమేమున్నది అండ్ల? గిన్ని సదువులు సదివినవ్, గీ ముచ్చట ఎరుక లేదా?"

"బాగుపడ్డవాళ్లందరికీ ఇంతేనా?"

"అవ్. బాగుగాని పోరగాండ్లకు మార్సుడెందుకు?"

అంటే, బాగుపడిన ప్రతి పిల్లా రిజిస్టరులోంచి లేచి వెళ్లిపోయింది. బాగుపడనివాళ్లే పేర్లతో సహా మిగిలారు. సంతోషం రావాలని డాక్టరమ్మకు తెలుసు. కాసేపు నిలబడి చూసింది. రాలేదు.

వారం రోజులు ఆదెమ్మను వెంటబెట్టుకుని, పేర్లు అడక్కుండా మోకాళ్లే తడుతూ తిరిగింది. చచ్చిపోయినవాళ్లు యాభై ఏడుగురు దొరికారు. ఒకడు మేకలు కాస్తున్నాడు. ఒకతె చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని ఉంది.

మాత్రలు ఆగకముందే ఆ నివేదికను ఆపాలి. ఖమ్మంలో రైలెక్కి, హైదరాబాదు చేరేదాకా చెప్పవలసిన మాటలు కూర్చుకుంది. తప్పు నాది, ఏ శిక్షకైనా సిద్ధం, మాత్రలు మాత్రం ఆపొద్దు. ఆఫీసులో గుమాస్తా చెంచురామయ్య ఎదుట ఆ ప్రసంగమంతా నిలబడే చెప్పింది. మధ్యలో గొంతు కూడా సవరించుకుంది.

"గింత పరేషానెందుకు మేడం, కూసోండ్రి" అని ఆయన బీరువా మీది ఫైళ్ల కట్టలు దించి, కింది నుంచి ఒక కవరు లాగి, దుమ్ము దులిపి ఇచ్చాడు.

కవరు మీది లక్క ముద్ర పగలకుండా అలాగే ఉంది.