సీమ సరుకు

దయ్యం సోకిందని ఎవరైనా పిల్లను బడి మాన్పిస్తే, వాళ్లింటికెళ్లి పోట్లాడి వెనక్కి తెచ్చిన పంతులమ్మను నేను. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ అడగను.

మాది చిలకలూరిపేట. తమ్ముడు రత్నం పత్తి మిల్లులో ఫిట్టరు. మిల్లు నడిపే ఆవిరి ఇంజనును చూసి చూసి, దాని బుల్లి నమూనా ఒకటి ఇంట్లోనే తయారుచేశాడు. రెండు అరచేతుల్లో ఇమిడేది. బాయిలరుకి అమ్మ ఇత్తడి చెంబు వాడేశాడు. "నా చెంబు తగలేశావు గదరా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. తీరా అది చుక్ చుక్ మని తిరిగిన రోజు వీధి వీధంతా పిలిచి చూపించింది.

మరుసటి వేసవిలో టైఫాయిడ్ వచ్చి రత్నం పోయాడు.

వాడి స్నేహితుడు కోటేశు మాకు ఇంట్లో మనిషి. క్రిస్మస్‌కి అమ్మ ఇద్దరికీ ఒకే తాను గుడ్డలో చొక్కాలు కుట్టించేది. రత్నం పనితనం నలుగురికీ తెలియాలంటూ కోటేశు ఆ ఇంజనును గుంటూరు పట్టుకెళ్లాడు. బస్సులో ఎవరో కొట్టేశారని ఏడుస్తూ తిరిగొచ్చాడు. వాడి కన్నీళ్లు అమ్మే తుడిచింది.

కొన్నేళ్లకు బడిపిల్లలను గుంటూరు ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఒక స్టాలులో తాళం వేసిన గాజుపెట్టె, అందులో పచ్చరంగు వేసిన చిన్న ఇంజను. పక్కన కోటేశు.

"సీమ సరుకండీ ఇది. దొరగారు లండన్ వెళ్లిపోతా మా నాన్నకిచ్చారు," అని జనానికి చెబుతున్నాడు.

వంగి చూశాను. బాయిలరు మీద, రంగు కింద, చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: సువార్తమ్మ. అమ్మ పేరు. పాత్రల కొట్లో తన చెంబు మీద కొట్టించుకున్న పేరు.

"ఏరా కోటేశూ, దొరగారి పేరు సువార్తమ్మా?" అన్నాను.

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా... అది కాదక్కా..."

అప్పుడే పెట్టెలో చక్రం కదిలింది. నిప్పు లేదు, నీళ్లు లేవు. పిస్టన్ ఆడింది. గాజుకు లోపలి వైపు ఆవిరి పట్టింది. కోటేశు వెనక్కి తూలి బల్ల మీద పడ్డాడు. జనం వాడికేసి తిరిగారు. ఇంజనును చూసింది మేమిద్దరమే. వాణ్ని లేపేసరికి అది ఆగిపోయింది.

ఆ ఆదివారం దాన్ని తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాడు. "వెతగ్గా వెతగ్గా దొరికిందమ్మా," అన్నాడు. అమ్మ వాడి తల నిమిరి అన్నం పెట్టింది. ఒక కొడుకును పోగొట్టుకున్న మనిషికి, ఈ కొడుకు కూడా లేడని ఎలా చెప్పను?

మిల్లు పెద్ద ఫిట్టరుకి చూపిస్తే చక్రం పట్టుకుని బలంగా తిప్పబోయాడు. కదల్లేదు. "లోపలంతా తుప్పు పట్టి బిగుసుకుపోయిందమ్మా. ఇది తిరిగి ఏళ్లయ్యుంటది," అన్నాడు.

తర్వాత బస్టాండులో కోటేశు కనబడితే అడిగాను. "దొంగతనం సంగతి వదిలెయ్. అది తిరగడం నువ్వూ చూశావు. ఆ ఒక్కటైనా నిజం చెప్పు."

"ఏం చూశానక్కా? ఎండకి నీకు కళ్లు తిరిగినయ్యేమో," అన్నాడు. నా వైపు చూడకుండా సంచీ అందుకున్నాడు.

అదెలా తిరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. చూసిన రెండో మనిషి బస్సెక్కి వెళ్లిపోయాడు.