ఆగమన్నాక కలిపిన బ్యాటరీ

1985 జూలైలో నన్ను నంద్యాలకు ఏరోమోడలింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. కాలేజీ విద్యార్థులకు చిన్న విమానాలు తయారు చేయడం, ఎగరేయడం నేర్పే ఉద్యోగం అది. హోదాలో గుమాస్తాకు కాస్త పైన, ఆఫీసర్‌కు చాలా కింద. అప్పటిదాకా మా దగ్గర ఉన్నవన్నీ చిన్న డీజిల్ ఇంజన్లతో, తీగ చివర గుండ్రంగా తిరిగే విమానాలే. మరుసటి ఏడాది రేడియోతో నడిచే ఎలక్ట్రిక్ విమానం ఒకటి వచ్చింది. గాలిలో పల్టీలు కొట్టేది. జిల్లాలో అలాంటిది ఎవరూ చూసి ఉండరు.

దానికి ఏడు నికెల్ కాడ్మియం సెల్లుల బ్యాటరీ. మోటారుకూ, విమానంలోని రేడియోకూ కరెంటు అదే ఇవ్వాలి. అందుకే గడియారం చూసుకుంటూ ఎగరేయాలి. నాలుగు నిమిషాలకు మోటారు ఆపేసి, మిగిలిన కాస్త కరెంటును దించడానికి దాచుకోవాలి. పల్టీ కొట్టిన ప్రతిసారీ బ్యాటరీ ఇంకా వేగంగా ఖర్చవుతుంది. దించాక వేడి తగ్గేదాకా ఆగి, తర్వాతే జీపు బ్యాటరీ నుంచి ఛార్జి పెట్టాలి. ఇలాంటి బ్యాటరీలు మాకు రెండే ఉండేవి.

మూడో వారంలోనే మోటారు కాలిపోయింది. కొత్తది రావాలంటే నెలలు పడుతుందన్నారు. పాత బస్టాండు దగ్గర మోటార్లకు వైండింగ్ చేసే ఓబులేసు దగ్గరికి తీసుకెళ్లాను. నలభై ఏళ్ల మనిషి, ఆళ్లగడ్డ వాడు. బోరు మోటార్లు, మిక్సీలు బాగుచేసే ఆ చేతిలో మా మోటారు నిమ్మకాయంత ఉంది. వెంట్రుకకంటే కాస్త లావుగా ఉన్న తీగను వేళ్లతోనే లెక్కపెడుతూ మూడు రోజుల్లో చుట్టి ఇచ్చాడు. మోటారు మునుపటికంటే బాగా తిరిగింది. అప్పటి నుంచి ఆదివారాలు మైదానానికి వచ్చేవాడు. ప్రతిసారీ దించగానే వేలితో మోటారు తాకి, “కాగినాది సార్, సల్లారనీ” అనేవాడు. ఆ వేలు మా దగ్గరున్న ఏ మీటరుకన్నా నమ్మకమైనది.

1987 జనవరిలో ఆళ్లగడ్డ స్కూలు మైదానంలో ప్రదర్శన పెట్టారు. సొంత ఊరు కాబట్టి ఓబులేసు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య లక్ష్మమ్మను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. మోటారు ఎవరు చుట్టారో మైకులో చెప్పించాను. జనం చప్పట్లు కొట్టారు.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి విమానం గాలిలో నాలుగో నిమిషంలో ఉంది. దించబోతుంటే, ఇంకో పల్టీ చూపించమని మా ఆఫీసర్ చెయ్యి ఊపాడు. చూపించాను. పల్టీ పైభాగంలో మోటారు గొంతు సన్నబడింది. ఆ వెంటనే రేడియో కూడా చచ్చిపోయింది. నా చేతిలోని ట్రాన్స్‌మిటర్‌తో ఏం చేసినా విమానం వినలేదు. అదృష్టం కొద్దీ తనంతట తాను జారుతూ ప్రహరీ దాటి శనగ చేలో పడింది.

ఓబులేసు పరుగెత్తి తెచ్చాడు. రెక్కలు బాగానే ఉన్నాయి. అతిథి సరిగా చూడలేదు, మళ్లీ ఎగరేయమని ఆఫీసర్ అన్నాడు. రెండో బ్యాటరీ సిద్ధంగా ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ విమానంలో మోటారును ఆన్, ఆఫ్ చేసేది ఒక చిన్న స్విచ్. దాన్ని రేడియో కదిలిస్తుంది. గాలిలో రేడియో చచ్చిపోయినప్పుడు ఆ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయింది. కొత్త బ్యాటరీ కలిపేముందు దాన్ని చేత్తో తడిమి చూడాలి. ట్రాన్స్‌మిటర్ ముందుగా ఆన్ చేయాలి. నేను ట్రాన్స్‌మిటర్‌లో కరెంటు మిగుల్చుకుందామని ఆపేసి కింద పెట్టాను. స్విచ్ చూడలేదు. జనం ఈలలు వేస్తున్నారు. అతిథి చేతి గడియారం చూసుకుంటున్నాడు.

ఓబులేసు విమానం ముందు గొంతుకూర్చుని, ప్రొపెల్లర్ వెనక చిక్కుకున్న శనగ మండ తీస్తున్నాడు.

“రవ్వంత ఆగు సార్, తీస్తాండా” అన్నాడు.

నేను బ్యాటరీ కలిపాను.

ఆ చప్పుడు గురించి రాయను. కుడిచేతి చూపుడు వేలూ, నడిమి వేలూ నరాల దాకా తెగాయి. లక్ష్మమ్మ కొంగుతో ఆ చేతిని చుట్టి ఒళ్లో పెట్టుకుంది. జీపులో నంద్యాల చేరేదాకా ఆమె ఒక్కటే మాట అంది: “ఆ చేత్తోనే గదా సార్ మేము తినేది.” డాక్టరు వేళ్లు నిలబెట్టాడు గానీ, అవి మళ్లీ వంగలేదు.

ఎనిమిది రోజుల తర్వాత ఆఫీసర్ నివేదిక రాయమన్నాడు. ఏం రాయాలో కూడా ఆయనే చెప్పాడు. సహాయకుడు అనుమతి లేకుండా ప్రొపెల్లర్ దగ్గరికి వెళ్లాడనీ, మైకు హోరులో ఇన్‌స్ట్రక్టర్‌కు అతని మాట వినపడలేదనీ రాయమన్నాడు. నాకు ఉద్యోగంలో ఇంకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. రాసి సంతకం పెట్టాను.

మూడు నెలలు అతని షాపు వైపు వెళ్లలేదు. ఏప్రిల్‌లో వెళ్లాను. ఓబులేసు ఎడమ చేత్తో ఒక ఫ్యాను వైండింగ్ ప్రయత్నిస్తున్నాడు. నా ముందే తీగ రెండుసార్లు తెగింది. అతను తల ఎత్తలేదు.

“సార్, నేను ఆగమంటినా ల్యాదా?”

“అన్నావు.”

“నీకు ఇనపడ్యదా?”

“వినపడింది.”

అప్పుడు తీగ పక్కన పెట్టి నా వైపు చూశాడు. “ఇనపడలేదని రాసినావంట. మా ఇంటిది రోజూ అడుగుతాండాది, గట్టిగా చెప్పినావా లేదా అని. అడగంగ అడగంగ నాకే అనుమానం పట్టుకున్యాది, అంటినో లేదో అని. చెయ్యి పోతే పోయ. నా మాట గూడా నాది కాకుండా పోయ సార్.”

నేను గదికి వెళ్లి రెండో నివేదిక రాశాను. స్విచ్ చూడకపోవడం, ట్రాన్స్‌మిటర్ ఆపేయడం, మాట వినపడ్డాక కూడా బ్యాటరీ కలపడం, మూడూ నా తప్పులేనని రాశాను. పై అధికారులకు పంపేముందు దాన్ని తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఓబులేసు చదివి వినిపించమన్నాడు, తన కోసం కాదు, భార్య కోసం. చదివాను. లక్ష్మమ్మ చివరిదాకా నిలబడే వింది.

“అంటే ఈయప్ప చెప్పినాడు” అంది.

“చెప్పాడమ్మా.”

ఆమె మొగుడి వైపు తిరిగింది. కూచుని ఏడ్చింది. నన్ను పొమ్మన్నది ఓబులేసే.

ఆ నివేదికతో నాకు ప్రొబేషన్ పొడిగించారు, తర్వాత వేరే జిల్లాకు బదిలీ చేశారు. ఓబులేసుకు ఒరిగింది ఏమీ లేదు. అతను మా ఉద్యోగి కాడు కాబట్టి పరిహారానికి నియమాలు ఒప్పుకోవని జవాబు వచ్చింది. షాపు మూసేసి సున్నిపెంటలో వాచ్‌మన్‌గా చేరాడని విన్నాను. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. చదివిపెట్టే మనిషి దొరకలేదో, దొరికినా జవాబు అక్కర్లేదనుకున్నాడో తెలియదు.

తర్వాత నేను శిక్షణ ఇచ్చిన ప్రతి బ్యాచ్‌కూ వరస ఒక్కటే చెప్పాను. ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్ చేయాలి. స్విచ్ ఆఫ్‌లో ఉందని చేత్తో తడిమి చూడాలి. ప్రొపెల్లర్ ముందు మనిషి లేడని కళ్లతో చూడాలి. బ్యాటరీ అన్నిటికన్నా చివర కలపాలి, దించాక అన్నిటికన్నా ముందు తీయాలి. ఆగమని ఎవరన్నా, వాళ్ల హోదా చూడకుండా ఆగాలి. ఎందుకని అడిగినవాళ్లకు ఆళ్లగడ్డలో జరిగింది చెప్పాను, నాకు వినపడిందన్న మాటతో సహా.