నూట ఇరవై, ఎనభై

ఇంట్లో ఆ పిల్లని ఉడత అంటారు. గిన్నె కిందపడినా ఉలిక్కిపడే రకం. అలాంటిది నర్సు చదువుతానంటే చుట్టాలంతా పగలబడి నవ్వారు. నవ్వనిది అత్త ఒక్కతే. తల్లి పోయాక పెంచింది ఆవిడే, కుట్టుమిషను తొక్కి రెండేళ్ళు ఫీజు కట్టిందీ ఆవిడే.

రెండో ఏడాది పరీక్షలు అయ్యాయో లేదో, కాలేజీకి గుర్తింపు పోయి గేటుకి తాళం పడింది. అసలది పేరుకే కాలేజీ. ఆసుపత్రి లేదు, రోగి లేడు. రెండేళ్ళూ ఒక రబ్బరు బొమ్మ మీదే నేర్పారు. దానికి బీపీ ఎన్నిసార్లు చూసినా నూట ఇరవై, ఎనభై. దాంతో పిల్లలు స్టెతస్కోపుతో వినడమే మానేశారు. పట్టీ చుట్టడం, గాలి కొట్టడం, అంకె రాసెయ్యడం! మార్కులు మాత్రం దండిగా పడేవి.

ఆ తర్వాత మొదలయ్యాయి అసలు తిప్పలు. ఎక్కే గడప, దిగే గడప. ఫీజు వినగానే అత్త మొహం పాలిపోయేది. ఆఖరికి ఒక్క సర్కారు కాలేజీ ఆశపెట్టింది. ఫీజు నామమాత్రం. వార్డులో పరీక్ష నెగ్గితే నాలుగేళ్ళ చదువులో నేరుగా మూడో ఏడాదిలోకి తీసుకుంటారు.

"ఇంకో రెండేళ్ళంటే ఎలాగోలా లాగుతానే. ఆపైన ఈ నడుముతో నావల్ల కాదు," అంది అత్త. ఆ మాట ఉడత గుండెలో రాయిలా పడింది.

పరీక్షనాడు మంచం మీద ఒక ముసలాయన. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికే పిల్లకి ముచ్చెమటలు పోశాయి. పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, చెవుల్లో గొట్టాలు పెట్టుకుంది. వినిపించిందల్లా తన గుండె దడే. మీటరు ముల్లు కిందికి జారిపోయింది. పరీక్ష పెడుతున్న ట్యూటరమ్మ కళ్ళజోడు పైనుంచి చూస్తోంది.

"ఎంత?"

"నూట ఇరవై, ఎనభై మేడం." నోరు దానంతటదే అనేసింది.

"సరే, బయట కూర్చో."

బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది. గండం గడిచిందనుకునేలోపు లోపల్నుంచి వార్డు సిస్టరు గొంతు వినపడింది. "బీపీ బాగానే ఉంది తాతా, ఇప్పుడు మాత్ర అక్కర్లేదు."

ఉడతకి పైప్రాణాలు పైనే పోయాయి. చెబితే సీటు పోతుంది. చెప్పకపోతే? వద్దు, వద్దు అనుకుంటూనే లేచింది. లోపలికెళ్ళి ట్యూటరమ్మ ముందు నిలబడింది.

"మేడం, నాకేమీ వినపడలేదు. ఊరికే చెప్పేశాను."

ట్యూటరమ్మ మొహం కందగడ్డయింది. "మళ్ళీ చూడు."

"కాస్త కదలకండి తాతగారూ," అంటూ ఊపిరి బిగబట్టి వింది. ఈసారి వినిపించింది. ముల్లు చాలా పైనుండగానే టక్, టక్‌మంటూ మొదలైంది.

"నూట తొంభై, నూట పది మేడం!"

ట్యూటరమ్మ తనూ ఒకసారి చూసుకుని డాక్టరుకి కబురంపింది. సిస్టరు మాత్ర కోసం పరుగెత్తింది. "ఏమైందమ్మా?" అని ముసలాయన బిక్కమొహం వేశాడు. పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది.

అంతా సర్దుకున్నాక ట్యూటరమ్మ అంది. "వినడం రానిదాన్ని మూడో ఏడాదిలో వేసుకోలేను. రెండో ఏడాదిలో చేరతానంటే చేరు."

అంటే ఇంకా మూడేళ్ళు.

గేటు దగ్గర అత్త ఎదురుచూస్తోంది. ఉడత ఏదీ దాచకుండా, తలెత్తకుండా చెప్పింది. అత్త నడుం మీద చెయ్యి వేసుకుని రోడ్డుకేసి చూసింది. తిడుతుందేమో, ఇక చాలు ఇంటికి పద అంటుందేమో అని పిల్ల బిక్కచచ్చిపోయింది.

"మరి ఆ పెద్దాయనకి మాత్ర వేశారా?"

"వేశారత్తా."

"అయితే లోపలికెళ్ళి చేరతానని చెప్పిరా. నేనిక్కడే ఉంటా."