మూడో పిలుపు దాకా

ఈమధ్య మా ఫ్లాట్లవాళ్ళు అరవై దాటినవాళ్ళందరినీ ఒక జట్టుగా చేర్చి, పొద్దున్నే పార్కు చుట్టూ నడిపిస్తున్నారు. నలుగురితో కలిసి నడిస్తే ఒంటికీ మనసుకీ మంచిది, పడితే లేపడానికి పక్కన మనిషి ఉంటాడు అని డాక్టరమ్మ చెప్పినప్పుడు అందరూ తలలూపారు గాని, నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. కరెంటు పోవడమే తప్ప రావడం తెలియని ఆనాటి కలకత్తా మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నా మనసు ఆ చీకట్లోకే పోయింది.

మేమప్పుడు కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో, అన్నయ్యకిచ్చిన రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి లోకల్ రైల్లో హౌరా వెళ్ళివచ్చే రోజులు. యార్డులోనే బతుకంతా గడిపి రిటైరైన నాన్నకూ, వెనక వరసలో కొడుకు దగ్గరుండే పెదనాన్నకూ ఒకే ఏడాది షుగరు బయటపడింది. పెదనాన్న అంటే రక్తసంబంధమేమీ లేదు, ఇద్దరిదీ శ్రీకాకుళం పక్కన ఒకే ఊరు, మా వాళ్ళకు ఆ మాత్రం చాలు. డాక్టరు నడవమన్నాడని వీళ్ళు బయల్దేరితే ఇంకో నలుగురు పెన్షనర్లు తోడయ్యారు. మంకీ క్యాపులు తగిలించుకుని, తెల్లారకముందే పక్షులు వాలే చెరువుగట్టు దాకా వెళ్ళి, దారి పొడుగునా యూనియన్ తగాదాలన్నీ తీర్చేసి, తిరిగొచ్చేటప్పుడు వేడివేడి షింగాడాలు, అవే మన సమోసాలు, తిని, నడిచి కరిగించిందంతా మళ్ళీ ఒంటికి పట్టించుకుని వచ్చేవారు.

ఇంటింటి ముందూ ఆగి పిలుచుకుంటూ పోవడం పెదనాన్న పని. అయితే పక్కింటి బెంగాలీ ముసలావిడ, మేమందరం మాశీమా అని పిలిచే ఆవిడ, అమ్మ చెవిలో ఒక సంగతి వేసింది. చీకట్లో నిశి అనే దెయ్యం తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట, పలికితే తీసుకుపోతుందట, కాని రెండుసార్లకు మించి పిలవదట. అమ్మకు అది వేదవాక్కయింది. మూడో పిలుపు వినపడితే గాని నాన్న పలకకూడదు, గడియ తీయకూడదు. మగవాళ్ళు మొదట పగలబడి నవ్వారు గాని, ఆర్నెల్లు తిరక్కుండా జట్టు జట్టంతా అదే పాటించింది. పెదనాన్న మా గేటు దగ్గర నిలబడి "తమ్ముడూ" అని మూడుసార్లు పిలిచేవాడు, మూడోది కావాలని సాగదీసి, అమ్మను ఆటపట్టించడానికి.

ఒక పుష్యమాసం తెల్లవారుజామున, మంచు గోడలా కమ్మి ఉన్నప్పుడు, పిలుపు రెండుసార్లే వచ్చింది. నేను నిద్రలో ఉన్నాను. బూట్లు కట్టుకున్న నాన్న గడియ మీద చెయ్యి వేసి నిలబడితే, ఆ చేతిని అమ్మ గట్టిగా పట్టుకుంది. ఎంతకీ మూడోది రాలేదు. వెలుతురు వచ్చాక తలుపు తీసి చూస్తే పెదనాన్న మా గేటుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఒళ్ళు చల్లబడిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. వెంటనే తలుపు తీసి ఉంటే బతికేవాడా అంటే ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు.

"మూడోపాలి పిలుస్తాడనుకున్నానే," అన్నాడు నాన్న.

జట్టు చెదిరిపోయింది. నాన్న మాత్రం అదే వేళకు లేచి కూర్చుని, అన్నియ్య పిలుస్తన్నాడు అనేవాడు. ఎన్నిసార్లని అమ్మ అడిగితే రెండుపాల్లే అనేవాడు. ఆవిడ తలుపుకు అడ్డంగా చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. నాతో నడవమని ఎంత బతిమాలినా ఆయన గేటు దాటలేదు. నడక ఆగింది, షుగరు పెరిగింది, కాలి పుండు మానలేదు. మనిషి కళ్ళెదుటే తరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం తప్ప మాకేమీ చేతకాలేదు.

ఆయన పోయిన పొద్దున మాకెవరికీ ఏమీ వినపడలేదు. ఆయనే తల కాస్త ఎత్తి, "వస్తన్నాను అన్నియ్యా," అన్నాడు. అమ్మ ఈసారి ఎన్నిసార్లని అడగలేదు. చాప పక్కకు లాగి, గడియ తీసి, తలుపు బార్లా తెరిచింది.

ఇప్పటి మా జట్టులో ఎవరూ ఎవరినీ పిలవరు. ఫోనులో ఒక గుర్తు పంపితే చాలు, ఎవరి లిఫ్టులో వాళ్ళు దిగివస్తారు, రానివాళ్ళ కోసం ఎవరూ ఆగరు. అమ్మ పోయింది, అన్నయ్య పోయాడు, పొద్దున్నే వాకిట్లో నిలబడి నన్ను పిలిచే గొంతు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడెవరైనా ఒక్కసారి పిలిస్తే చాలు, అది ఎవరి గొంతైనా సరే, తలుపు తీసేస్తాను.