బొగ్గు దుమ్మే అనుకున్నాను

మా మామగారు గనిలో పనిచేసే రోజుల్లో, బదిలీ మీద వెళ్తున్న ఓ ఇంజనీరు ఆయనకు ఇచ్చిన గోడ గడియారం మా ఇంట్లో ఉంది. గంటలకు, నిమిషాలకు రెండు ముళ్ళు కాక, అంచున తేదీ చూపించే మూడో ముల్లు దాని ప్రత్యేకత. మొన్న దాని ఫొటోను హైదరాబాద్‌లో పాత వస్తువులు కొనే ఒకాయనకు మెయిల్ చేశాను. చేసిన దగ్గర్నుంచీ గోదావరిఖనిలో నా అంతటివాడు లేడన్నట్టు తిరుగుతున్నాను. మనసులో కొత్త బండి కూడా కొనేశాను.

ఈ రోజు ఆయన ఫోన్ చేస్తానన్నాడని, పొద్దున్నే గడియారం దించి సబ్బు నీళ్ళతో రుద్దాను. మన ఊళ్ళో నల్లగా ఏది కనిపించినా బొగ్గు దుమ్మే కదా! లోపల వెనక చెక్కకు అట్టకట్టిన నలుపునైతే చాకుతో గీకి మరీ వదిలించాను.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"అమెరికాదేనండీ, అనుమానం లేదు. ఏ కంపెనీదో తెలిస్తే ధర చెప్తాను. లోపల వెనక చెక్కకు నల్లబడిన కాగితం ఒకటి అంటించి ఉంటుంది, చదవండి."

"పొద్దటిదాక ఉండె సార్," అన్నాను.

"అయితే ఇక దాంట్లో టైమ్ చూసుకోండి," అని పెట్టేశాడు.

పక్కనే ఉండి అంతా విన్న మా ఆవిడ అంది: "పెండ్లయిన కాడికెళ్ళి ఇల్లు దులుపుమంటే ఒక్కనాడు చీపురు పట్టలే. ఇయ్యాల్నే యాదికొచ్చిందా నీకు?"

గడియారం మాత్రం తళతళలాడుతోంది. మీ ఇళ్ళలో పాత వస్తువులేమైనా ఉంటే చెప్పండి, ఆ ఛాయలకు కూడా రాను.